ఇరవై మూడు మూతలు

లింబాద్రి దుబాయిలో సర్పంచుకు నిలబడ్డాడట. ఊళ్లో ఈ మాట పుట్టింది పెద్దక్క నోట. లింబాద్రి ఉండే క్యాంపులోనే ఉన్న కొడుకు రాజలింగు ఫోనులో చెప్పిందాంట్లో సగం విని, మిగతా సగం తానే కూర్చుకుని, బీడీల కార్ఖానాలో ఆకూ తంబాకూ తూకం వేయించుకునే ఆడవాళ్ల నడుమ విప్పిందట. "ముగ్గురు నిలవడ్డరట, గౌరవ్వ మొగడు అందరికంటె ఎనుకవడ్డడట. ఇంటికాడ వార్డు మెంబరుకు సుత నిలవడనోడు దుబాయి పోయి నిలవడుడేందే అమ్మా!" అన్నదట. ఆ రోజు గౌరవ్వ కార్ఖానాకు పోలేదు. పోయినవాళ్లు తిరిగొస్తూ ఆమె గడపలో ఆగి మరీ చెప్పారు. శనివారం సాయంత్రం డ్యూటీ దిగి, క్యాంపు మెట్ల మీద బూట్లు విప్పుకుంటున్న మొగుడికి ఆమె ఫోనులో అంతా అప్పజెప్పింది.

"దుబాయి గాదే, ఖతర్. సర్పంచు గాదు, వర్కర్ల కమిటీ," అన్నాడు లింబాద్రి.

"ఏదైతేంది. నిలవడ్డవా?"

"నిలవడ్డ."

"ఎనుకవడ్డవా?"

"వడ్డ."

"మరి పెద్దక్క అబద్ధమేమాడింది?"

లింబాద్రికి నవ్వొచ్చింది. బూటులోంచి ఇసుక దులిపి, "ఇంకా అయిపోలేదే. వచ్చే శుక్రారం ఉన్నది," అన్నాడు.

బిర్కత్ అల్ అవామిర్‌లోని ఆ క్యాంపు నుంచి కంపెనీ కమిటీలోకి ఒక్క మనిషే పోవాలి. పోయినసారి తెలుగువాళ్లు ముగ్గురు నిలబడి, ఓట్లు మూడు పాళ్లు చేసుకుని, ముగ్గురూ ఓడారు. ఈసారి ముందే తమలో తాము తేల్చుకుని ఒక్కడినే నిలబెట్టాలని కట్టుబాటు చేసుకున్నారు. ఊళ్లో ఎలక్షన్ కంటే ముందు పార్టీ టికెట్ కోసం ఒకే అరుగు మీద కొట్లాడుకుంటారే, అలాంటిదే ఇదీ. అసలు ఎలక్షన్ కంటే దీనికే ఉడుకెక్కువ. శుక్రవారం స్నానాల గదుల పక్కన దుప్పటి అడ్డం కట్టి, ఖాళీ పెయింటు బకెట్లు మూడు పెట్టారు. ఒక్కోదాని మీద ఒక్కో పేరు. ఓటంటే నీళ్ల సీసా నీలిమూత. చేతిలో మూత పట్టుకుని లోపలికి పోవాలి, ఖాళీ చేతులతో బయటికి రావాలి. నూట ముప్పై ఒక్క మూతలు పడ్డాయి. గంగాప్రసాద్‌కు యాభై ఏడు, లియాఖత్ అలీకి యాభై ఒకటి, లింబాద్రికి ఇరవై మూడు. ఎవరూ సగం దాటలేదు కాబట్టి వచ్చే శుక్రవారం మళ్లీ వేయాలి. ఆ రోజు ఎవరికి ఎక్కువ పడితే వాడే మనిషి. చివరన ఉన్నవాడు ఉంటే ఉండొచ్చు, తప్పుకుంటే తప్పుకోవచ్చు. బలవంతం లేదు.

"అసలు ఎందుకు నిలవడ్డవయ్యా?" అంది గౌరవ్వ.

"అన్నం కోసం."

"ఆడ అన్నం వెడ్తలేరా?" ఆమె గొంతు మారింది.

"వెడ్తరు, వెడ్తరు. నువ్వు రంది వెట్టుకోకు," అని మాట తప్పించాడు.

అన్నం సంగతి చెప్పాలంటే కష్టం, చూస్తే సులువు. ఆదివారం పదకొండున్నరకు వాళ్లు కడుతున్న గోదాముల సైట్‌కు ఎవరొచ్చినా కనిపించేది. క్యాంపు మెస్‌లో తెల్లవారుజామున రెండు గంటలకు వండిన అన్నం, పప్పు మూడున్నరకు డబ్బాల్లోకెక్కుతాయి. నాలుగున్నరకు బస్సు. సైట్ గేటు దగ్గర ప్లైవుడ్ చెక్క మీద డబ్బాలన్నీ వరసగా పెట్టి, పేరు పిలిపించుకుని లోపలికి పోవాలి. అవి ఏడింటిదాకా నీడలో ఉంటాయి, ఆ తర్వాత సూర్యుడు వాటినే వెతుక్కుంటూ వస్తాడు. మధ్యాహ్నం ఎండలో పని ఆపే రూలు జూన్‌లో గానీ రాదు. ఇది మే నెల. పదకొండున్నరకు మూత తీస్తే పప్పు మీద నురగ.

పాలమూరు నుంచి వచ్చిన యాభై దాటిన హెల్పర్ ఒకాయన ఆ వేళ డబ్బా పట్టుకుని నల్లా దగ్గరికి పోయాడు. పప్పు ఒంపేశాడు. అన్నంలో నీళ్లు పోసి పిసికి వంచాడు, మళ్లీ పోశాడు, మళ్లీ వంచాడు. మూడోసారి వాసన చూసి, ఉప్పు పొట్లం విప్పి, అందరికీ వీపు పెట్టి తినసాగాడు. సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. అదే మెస్ నుంచి స్టాఫ్ వ్యాను వచ్చింది. పదకొండింటికి వండిన అన్నం, చికెన్, మూత తీయకముందే మసాలా వాసన. వ్యానులో పన్నెండు పొట్లాలు. మిగతా వ్యానంతా ఖాళీ.

ఆ ఖాళీ వ్యానే లింబాద్రిని నిలబెట్టింది. రెండు వారాల కింద తెలుగువాళ్ల మీటింగులో "ఎవరెవరు నిలవడుతరు?" అని అడిగినప్పుడు రెండు చేతులు లేచాయి. ఇద్దరూ ఊరికి పోయే చుట్టీల గురించి, రూముల గురించి మాట్లాడారు. లింబాద్రి లేచి, "పొద్దుగాల పోయే డబ్బాలు ఆ పగటి వ్యానుల పోతే ఏం పోతది?" అన్నాడు. ఆ ఇద్దరూ మళ్లీ రూముల మాటకే పోయారు. దాంతో తన చెయ్యి కూడా ఎత్తాడు.

సోమవారం సాయంత్రం గంగాప్రసాద్ గదికి వచ్చాడు. టైమ్ ఆఫీసులో పని, మోర్తాడ్ మండలమే, లింబాద్రి ఊరికి ఆరు కిలోమీటర్లు. డిగ్రీ చదివాడు. క్యాంపులో సగం మందికి చుట్టీ కాగితాలు నింపిపెట్టింది ఆయనే. మంచం అంచున కూర్చుని, లింబాద్రి ఇచ్చిన చాయ్ రెండు చేతులా అందుకున్నాడు.

"లింబన్నా, నేను నీకంటె చిన్నోన్ని. తప్పు మాట్లాడితే చెంపమీద కొట్టు," అన్నాడు. "నీకు ఇరవై మూడు వడ్డయి. అవి ఏడనో వడ్డయి గావు, మనోళ్లయే. మన మండలం, మన జిల్ల. నువ్వు పక్కకు జరిగితే అవి నా యాభై ఏడుల కలుస్తయి, ఎనభై. లెక్క తెగిపోతది. నువ్వుంటె మనం మనం చీలి, ఊరికెనే లియాఖత్ గెలుస్తడు."

"వ్యాను సంగతి?"

గంగాప్రసాద్ చాయ్ ఊదుకున్నాడు. "మెల్లగ చూద్దామన్నా. కాంట్రాక్టుల డబ్బా పొద్దుగాలనే అని రాసున్నది. మొదటి మీటింగులనే అది పట్టుకుంటె ముఖం చెడుతది. ముందు చిన్న చిన్నయి అడుగుదాం, నమ్మకం కుదురనీ." మోసం లేని మాటే. నిజంగా అలాగే అనుకుంటున్నాడు. లింబాద్రికి అదే ఇబ్బందిగా ఉంది.

"శుక్రారం లోపల చెప్త," అన్నాడు.

మంగళవారం బస్సులో పక్క సీటు ఖాళీ కాగానే దస్తగిరి వచ్చి కూలబడ్డాడు. రాయచోటి మనిషి, టైల్స్ పని, లియాఖత్ అలీ తరఫున గది గది తిరుగుతున్నాడు. చెవిలో చెప్పాలనుకున్నాడు గానీ ఆయన గుసగుస నాలుగు సీట్ల దాకా వినిపిస్తుంది.

"సామీ, నువ్వు మాత్రం కదలాకు. గట్టిగా నిలబడు. నువ్వుంటేనే ఆ గంగాప్రసాదు ఓట్లు చీలేది. ఏం కావల్నో చెప్పు, మేం చూసుకుంటాం."

"నేను గెలువాల్నని నిలవడమంటున్నవా?"

దస్తగిరి తడబడి, "అబ్బే, గెలుస్తావని కాదులే..." అని నాలుక కరుచుకున్నాడు. ముందు సీటులో ఎవరో కిసుక్కున నవ్వారు.

లింబాద్రి కిటికీ వైపు తిరిగాడు. ఒకడు జరగమంటాడు, ఒకడు కదలొద్దంటాడు. ఇద్దరికీ తాను మనిషిలా కనిపించడం లేదు. దారిలో పడ్డ రాయి. ఒకడికి అడ్డం, ఒకడికి ఆసరా.

సైట్ దగ్గర అందరూ దిగాక, లింబాద్రి డ్రైవర్ సీటు దగ్గర ఆగాడు. ఆ బస్సు నడిపేది లియాఖత్ అలీయే. కోరుట్ల మనిషి, నెరిసిన గడ్డం, పదకొండేళ్లుగా ఇదే కంపెనీ.

"అందరు నా తానకొచ్చిండ్రు, నువ్వు రాలే," అన్నాడు లింబాద్రి.

"దస్తగిరిని నేను తోల్లేదు భాయ్. అల్లా కసమ్." లియాఖత్ స్టీరింగ్ మీది దుమ్ము తుడిచాడు. "నీ దగ్గరికి ఏ ముఖంతోని రావాలె? పదకొండేండ్ల నుంచి ఆ డబ్బాలు నా బస్సులనే ఎక్కుతున్నయి, నా ముందటనే ఎండల దిగుతున్నయి. నీకు కనవడ్డది, నాకు కనవడలే. గెలిస్తే కమిటీల నీ మాటనే మొదలు మాట్లాడుత."

"గెలిస్తే అందరు మాట్లాడుతరు. గెలువకముందు ఏం జేస్తవు?"

అడిగినవాడు సమాధానం కోసం ఆగలేదు. హెల్మెట్ పెట్టుకుని దిగిపోయాడు.

బుధవారం పొద్దున్న బస్సు గేటు ముందు ఆగగానే లియాఖత్ లేచి వెనక్కి తిరిగాడు. "డబ్బాలు ఎవ్వరు దింపకుండ్రి. యల్లా, ఉత్త చేతులతోని పోండ్రి," అన్నాడు. సగం మందికి అర్థం కాలేదు. అందరినీ దింపి, బస్సును స్టోర్ షెడ్డు వెనక నీడలోకి తీసుకుపోయి, ఎండ వైపు అద్దాలకు అట్టపెట్టెలు చింపి అడ్డం పెట్టి, నీడ వైపు అద్దాలు తెరిచి, అక్కడే కూర్చున్నాడు. రూలు ప్రకారం ఆ బస్సు ఖాళీగా క్యాంపుకు వాపస్ పోవాలి. తొమ్మిదింటికి ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ ఫోను. పదింటికి ఆయనే వచ్చాడు. అరుపులు పై అంతస్తు దాకా వినిపించాయి. లియాఖత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బస్సు తాళం మాత్రం ఇవ్వలేదు.

అప్పుడు లింబాద్రి ఇరవై మీటర్ల ఎత్తులో ఉన్నాడు. నిలువు పైపుకు అడ్డ పైపు ఆనించి, క్లాంపు తగిలించి, పానాతో బిగిస్తున్నాడు. పడిపోకుండా బెల్టు హుక్కు పైపుకు తగిలించి ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో చిరంజీవి. సోంపేట వైపు కుర్రాడు, స్కాఫోల్డింగ్ గ్యాంగులో లింబాద్రి జోడీ. కింది నుంచి పైపు వస్తుంటే ఇద్దరూ మాట లేకుండానే అందుకుంటారు.

"లియాఖత్ బాయికి ఉద్యోగం ఊడిపోద్దేటి?" అన్నాడు చిరంజీవి కిందికి చూస్తూ.

"వార్నింగు లెటర్ ఇస్తరు. మూడైతే ఇంటికి పంపిస్తరు."

"గుండె ఉన్నోడే." పైపు సరిచేసి, ప్లాంకు మీద పాదం తన్నిపెట్టి, చిరంజీవి అన్నాడు. "మావా, ఓ మాటడుగుతాను, కోప్పడకు. నువ్వు తప్పుకుంతున్నావా? గ్యాంగులో అందరూ అదే అడుగుతున్నారు. నువ్వుంతే నీకే. నువ్వు లేకపోతే మాత్రం, గంగాప్రసాద్‌కి మేం ఎయ్యం. ఇయ్యాల ఆ బస్సు సూసాక అస్సలెయ్యం."

"మీరందరు నాకే ఏసిండ్రా?"

"ఎయ్యకేటి! ఇరవై రెండు మందిమీ కూడబలుక్కునే ఏసినాం. గ్యాంగులో మీ ఊరోళ్లు ఇద్దరూ తప్ప. ఆళ్లు ముందే సెప్పేసినారు, గంగాప్రసాద్ కాగితాలు నింపినాడు, మాట తప్పకూడదని..." చెబుతూ చెబుతూ చిరంజీవి ఆగిపోయాడు. ఆ లెక్క ఎక్కడికి పోతుందో అతనికీ అప్పుడే తట్టింది.

ఇరవై రెండు వీళ్లవి. ఒకటి తాను వేసుకున్నది.

లింబాద్రి పానా ఒక చుట్టు తిప్పాడు. క్లాంపు అప్పటికే బిగిసి ఉంది. అయినా ఇంకో చుట్టు తిప్పాడు. క్యాంపులో తన ఊరివాళ్లు పదిహేడు మంది. దసరా నాడు ఒకే గిన్నెలో మటన్ వండుకుంటారు. ఎవరికి జ్వరమొచ్చినా తన గదిలోనే పడుకోబెడతారు. రాజలింగుకు పైపు పట్టడం నేర్పింది తానే.

"మావా," అన్నాడు చిరంజీవి భయంగా. "హుక్కు."

హుక్కు తగిలించకుండానే లింబాద్రి అవతలి ప్లాంకు మీదికి అడుగేయబోతున్నాడు. వెనక్కి తీసుకుని, హుక్కు తగిలించి, రెండుసార్లు లాగి చూశాడు. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, "సోంపేటోళ్లు, పాలమూరోళ్లు, ఆదిలాబాదోళ్లు. నా మండలం మస్తు పెద్దదేరా చిరంజీవీ," అన్నాడు. ఈసారి మొహంలో నవ్వు కనిపించింది. అది నొప్పి దాచుకునే నవ్వు కాదు. ఊరు, కులం, మొహమాటం ఏదీ లేకుండా ఇరవై రెండు మంది ఒక్క మాట కోసం వేశారు. ఇంటికాడ వార్డు మెంబరుకు కూడా అలాంటి ఓటు దొరకదు.

ఆ మధ్యాహ్నం డబ్బా మూతలు తీస్తే పప్పు పప్పులాగే ఉంది. పాలమూరాయన నల్లా దగ్గరికి పోలేదు. అందరితో పాటు గుండ్రంగా కూర్చుని తిన్నాడు. నాలుగింటికి లియాఖత్‌కు వార్నింగు లెటర్ వచ్చింది. టైమ్ ఆఫీసు నుంచి దాన్ని తెచ్చి ఇవ్వాల్సింది గంగాప్రసాదే. ఇస్తూ తల వంచుకున్నాడు. గురువారం నుంచి బస్సును ఎప్పటిలాగే వాపస్ పంపించారు, డబ్బాలు మళ్లీ గేటు దగ్గరికి చేరాయి.

గురువారం సాయంత్రం గౌరవ్వ మళ్లీ ఫోను చేసింది. రాజలింగు తల్లికి చెప్పాడట, లింబాద్రి కాక తప్పుకుని గంగాప్రసాద్‌కు సపోటు చేస్తున్నాడని. కార్ఖానాలో ఇప్పుడు అదే ముచ్చటట.

"నిజమేనా? తప్పుకుంటున్నవా?" అంది.

"అదే సోచాయిస్తున్ననే." ఏం చెప్పాలో తెలియక లింబాద్రి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. "నేనుంటె గంగాప్రసాద్ గెలుస్తడు. లేకుంటె లియాఖత్ గెలుస్తడు. ఈ ముచ్చట నా ఒక్కనికే ఎరుక. గంగాప్రసాద్‌కు ఉల్ట ఎరుక, లియాఖత్ తరఫోళ్లకు గూడ ఉల్టనే ఎరుక."

"అదేం లెక్కయ్యా?"

"వాళ్లు ఊర్లను జూసి ఓట్లు లెక్కవెట్టిండ్రు."

గౌరవ్వ వైపు నుంచి బీడీ చుట్టే చప్పుడు వినిపించింది, కత్తెరతో ఆకు కోస్తున్న చప్పుడు. "నువ్వుంటె నీ పేరుంటది. తప్పుకుంటె ఈడ అందరు భయపడ్డడంటరు," అంది చివరికి. "అంటె అననీ. నేను ఎవలకు జవాబు చెప్పుకోవాల్నో చెప్పుకుంట. నువ్వు ఏ పనికి నిలవడ్డవో ఆ పని జూసుకో."

ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు అది లింబాద్రి చేతిలోనే ఉంది.

శుక్రవారం పది గంటలకు అందరూ స్నానాల గదుల దగ్గర చేరారు. దుప్పటి కట్టారు. బకెట్లు మూడు. మూతల సంచి. గంగాప్రసాద్ తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. రాజలింగు, ఊరి కుర్రాళ్లు ఆయన చుట్టూ ఉన్నారు. లియాఖత్ అలీ గోడ పక్కన ఒక్కడే నిలబడ్డాడు. దస్తగిరి మాత్రం లింబాద్రినే చూస్తున్నాడు, కదలొద్దని కళ్లతోనే బతిమాలుతూ.

లింబాద్రి ముందుకు వచ్చాడు. "నేను తప్పుకుంటున్న," అన్నాడు.

ఊరి కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. దస్తగిరి నెత్తి పట్టుకుని కింద కూర్చున్నాడు. గంగాప్రసాద్ వచ్చి లింబాద్రి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎవరో అప్పటికప్పుడు ఎర్ర తువ్వాల తెచ్చి శాలువాలా లింబాద్రి భుజాన కప్పబోయారు.

లింబాద్రి దాన్ని చేత్తో ఆపాడు. "గంగన్నా, నువ్వు జరుగుమన్నవు, జరిగిన. నా ఓట్లు ఎవ్వలకిప్పిస్తనని నేను అనలే. ఎవ్వలకూ మాటియ్యలే. అది అందరు వినుండ్రి," అన్నాడు గట్టిగా. ఆ సంబరంలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. లియాఖత్ మాత్రం తలెత్తి చూశాడు.

మూడో బకెట్ తీసేశారు. వరస కట్టారు. గ్యాంగువాళ్లు ఒకరి వెనక ఒకరు మూతలు పట్టుకుని దుప్పటి వెనక్కి పోయి, ఖాళీ చేతులతో వచ్చారు. లింబాద్రి చివరగా పోయాడు. లోపల చీకటిగా, తడి సబ్బు వాసన. కుడి బకెట్లో మూత వేశాడు. అది మిగతా మూతల మీద పడ్డ చప్పుడు విని బయటికి వచ్చాడు.

చాప పరిచి రెండు బకెట్లూ బోర్లించారు. పదేసి మూతలు వరసలు పెట్టారు. గంగాప్రసాద్ వరసలు ఐదు నిండి, ఆరోదాంట్లో తొమ్మిది దగ్గర ఆగాయి. లియాఖత్ వరసలు ఏడు నిండి, ఇంకో రెండు మిగిలాయి. మళ్లీ లెక్కపెట్టారు. డెబ్బై రెండు, యాభై తొమ్మిది.

దస్తగిరి లేచొచ్చి, చాప మీదికి వంగి, తానే ఇంకోసారి లెక్కపెట్టాడు. గంగాప్రసాద్ ముఖం తెల్లబోయింది. అయినా నడిచి పోయి లియాఖత్‌ను కావలించుకున్నాడు. "ఇగ మనందరి మనిషివి నువ్వే భాయ్," అన్నాడు. లియాఖత్ ఆయన భుజం తట్టి, అందరికీ వినపడేలా, "అసలు ఎలక్షన్ల గూడ గెలిస్తే, కమిటీల మొదటి కాగితం వ్యాను గురించే. లింబాద్రి భాయ్ చెప్తడు, గంగాప్రసాద్ భాయ్ ఇంగ్లీషుల రాస్తడు, నేను తీస్కపోత," అన్నాడు. గంగాప్రసాద్ ఒక్క క్షణం ఆగి, సరేనని తలూపాడు. గ్యాంగులో ఎవరో ఈల వేశారు. పాలమూరాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా లింబాద్రి చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలాడు. లింబాద్రికి ఛాతీ నిండినట్టయింది. ఇరవై మీటర్ల ఎత్తున కూడా అంత ఎత్తున ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు.

అప్పుడు రాజలింగు గుంపును తోసుకుంటూ వచ్చాడు. వెనక ఊరివాళ్లంతా.

"మంచిగ జేసినవ్ కాకా! మనోన్ని నమ్మించి ముంచినవ్. నలుగుర్ల తప్పుకుంటున్ననని చెప్పి, చాటుంగ మన ఊరోళ్ల ఓట్లన్ని తీస్కపోయి లియాఖత్ బకెట్ల పోసినవ్ గద! రేపు ఊర్లె ఏ ముఖం వెట్టుకొని తిరుగుతవ్?"

సంబరం ఆగిపోయింది. లింబాద్రి అతనికేసి, తర్వాత వెనక ఉన్న ఒక్కొక్కరికేసి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. జ్వరమొస్తే తన మంచం మీద పడుకున్న మొహాలే అన్నీ.

"మన ఊరోళ్లు పదిహేడు మంది, రాజలింగూ. పోయిన శుక్రారం మీది ఒక్క మూత గూడ నా బకెట్ల వడలే. తీస్కపోయి పోద్దామన్నా నా తాన ఏమున్నదిరా?"

మిగతావాళ్లు వేసే ఉంటారని ఎవరికి వాళ్లే అనుకున్న ఆ పదిహేడు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.